డిస్టెన్స్‌లో చదివేవాళ్లకి ఫోన్ ఏం ఇచ్చింది, ఏం అడుగుతోంది

ఆన్‌లైన్ చదువుల గురించి పేపర్లో ఏ వ్యాసం వచ్చినా పక్కన ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడి ఫొటో ఉంటుంది. నేను ఆదివారాలు పాఠం చెప్పే క్లాసుల్లో అలాంటివాళ్లు దాదాపు కనపడరు. వచ్చేది అంగన్‌వాడీ టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు, హోంగార్డులు, మెడికల్ షాపులో పనిచేసే పిల్లలు, పెళ్లయ్యి పిల్లలు కాస్త పెద్దయ్యాక ఇంటర్‌తో ఆగిపోయిన చదువుని మళ్లీ పట్టుకున్న ఆడవాళ్లు. వీళ్లకి ల్యాప్‌టాప్ ఉండదు, ఫోన్ ఉంటుంది, ఆ ఫోన్ కూడా చాలా ఇళ్లల్లో వాళ్ల ఒక్కరిదే కాదు. యూనివర్సిటీ దూరవిద్యలో టెక్నాలజీ వల్ల మంచి జరిగిందా ఇబ్బంది పెరిగిందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఈ మొహాలే గుర్తొస్తాయి, అందుకే ఈ పోస్టు మొత్తం వాళ్ల వైపు నుంచే రాస్తున్నా.

నేను నల్గొండ వైపు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, ఆదివారాలు డిస్టెన్స్ వాళ్లకి కాంటాక్ట్ క్లాసులు తీసుకుంటాను. ఇన్నేళ్లలో ఒకటి కన్నా ఎక్కువ యూనివర్సిటీల స్టడీ సెంటర్లలో చెప్పాను, తెలిసిన లెక్చరర్లు చాలా చోట్ల చెప్తున్నారు, కాబట్టి కింద రాసే ఇబ్బందులు ఏదో ఒక్క యూనివర్సిటీవి అనుకోకండి, పేర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే.

మన దగ్గర ఈ చదువుకి మంచి చరిత్ర ఉంది, ఇప్పటి పిల్లలకి అంతగా తెలీదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లోనే వచ్చింది, అప్పుడు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనేవాళ్లు, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టారు. అంతకుముందు ఉస్మానియా వీసీగా (వైస్ ఛాన్సలర్‌గా) చేసిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు దానికి మొదటి వీసీ, 1985లో ఢిల్లీలో కేంద్రం ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వీసీ ఆయనే. ఇంటర్ సర్టిఫికెట్ లేకపోయినా ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి డిగ్రీలో చేరే దారి అప్పట్లో ఎంతమందిని నిలబెట్టిందో మీ చుట్టుపక్కల నలభై యాభై దాటినవాళ్లని అడిగితే చెప్తారు. గవర్నమెంట్ ఆఫీసుల్లో అటెండర్‌గా చేరి ఆ డిగ్రీతో ప్రమోషన్ తెచ్చుకున్నవాళ్లు నాకే చాలామంది తెలుసు.

టెక్నాలజీ అనేది కూడా ఫోన్‌తో మొదలవలేదు. ఆకాశవాణిలో రేడియో పాఠాలు వచ్చేవి, దూరదర్శన్‌లో టీవీ పాఠాలు వచ్చేవి, స్టడీ సెంటర్లలో ఆడియో వీడియో క్యాసెట్లు ఉండేవి. 2000లో ఇగ్నో వాళ్ల జ్ఞానదర్శన్ ఛానెల్ వచ్చింది, 2004లో ఇస్రో చదువు కోసమనే ప్రత్యేకంగా ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపింది. వాటన్నిటిలో ఉన్న చిక్కు ఒకటే, పాఠం దాని టైముకి వచ్చేది. ఆ అరగంట కరెంట్ పోయినా, ఇంటికి చుట్టాలొచ్చినా, డ్యూటీ పడినా ఆ పాఠం ఇక పోయినట్టే. డిస్టెన్స్‌లో చదివేవాళ్లకి లేనిదే ఆ టైము కదా, రోజూ ఒకే టైముకి ఖాళీగా కూర్చోగలిగితే రెగ్యులర్ కాలేజీకే పోయేవాళ్లు.

2016లో జియో వచ్చి డేటా చౌక అయ్యాక మారింది ఇదే. యూట్యూబ్‌లో యూనివర్సిటీల పాఠాలు ఉన్నాయి, తెలంగాణ ప్రభుత్వ చదువుల ఛానెల్ టీ-శాట్ వాళ్ల పాఠాలు ఉన్నాయి, ఇగ్నో పుస్తకాలు చాలావరకు వాళ్ల ఈ-జ్ఞానకోశ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి, 2017లో కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల సైట్ స్వయంలో దేశంలో పేరున్న ప్రొఫెసర్ల కోర్సులు ఫ్రీగా చదువుకోవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. స్వయం కోర్సులు ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి తెలుగు మీడియం వాళ్లకి అందేది తక్కువే, అయినా అసలు ఏమీ లేని రోజులతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ.

ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తిరుగుడు తగ్గింది. ఒకప్పుడు ఫీజు కట్టాలంటే బ్యాంకులో లైన్లో నిలబడి డీడీ తీయాలి, దాన్ని అప్లికేషన్‌కి పిన్ను కొట్టి పోస్టు చేయాలి, చేరిందో లేదో తెలీదు. పుస్తకాలు పార్శిల్‌లో రావాలి, కొన్నిసార్లు పరీక్షలు అయిపోయాక వచ్చేవి. మెమోలో పేరు ఒక అక్షరం తప్పు పడితే హైదరాబాద్ పోవాలి, అంటే రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, తీరా పోతే సంబంధిత క్లర్కు సెలవులో ఉంటాడు. ఇప్పుడు ఫీజు ఫోన్‌పేలో కడుతున్నారు, పుస్తకం పీడీఎఫ్ కోర్సులో చేరిన రోజే దొరుకుతుంది, రిజల్ట్ ఇంట్లోనే చూసుకుంటున్నారు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఒక హైదరాబాద్ ప్రయాణం తప్పడం అంటే మామూలు విషయం కాదు.

వాట్సాప్ గ్రూపు గురించి కూడా చెప్పాలి. డిస్టెన్స్‌లో చదువు మానేసేవాళ్లలో పాఠం అర్థంకాక మానేసేవాళ్ల కన్నా నేనొక్కదాన్నే చదువుతున్నా, నాతో ఎవరూ లేరు అనిపించి మానేసేవాళ్లే ఎక్కువ అని నా నమ్మకం. గ్రూపు ఉంటే ఆ ఒంటరితనం తగ్గుతుంది. రాత్రి పదకొండు దాటాక ఎవరో మూడో యూనిట్ అయిపోయింది అని పెడతారు, ఇంకెవరో నేను ఇంకా ఒకటో యూనిట్లోనే ఉన్నా అంటారు, హాల్ టికెట్లు వచ్చాయా అని ఒకరు, ఎగ్జామ్ సెంటర్ ఎక్కడ పడింది కలిసి పోదామా అని ఇంకొకరు. మా కండక్టర్ ఒకామె డిపోలో ఇద్దరు తోటి కండక్టర్లని కూడా చేర్పించింది, ఇప్పుడు ముగ్గురూ కలిసి చదువుతున్నారు. ఏ యూనివర్సిటీ పోర్టల్ చేయలేని పని అది.

ఇక అసలు చెప్పాలనుకున్నదానికి వస్తా. యూనివర్సిటీలు టెక్నాలజీ అనగానే ముందు స్టూడియో కడతాయి, కెమెరాలు కొంటాయి, వీడియో పాఠాలు తీస్తాయి, లేదా ఏదో ఒక పెద్ద పోర్టల్ తెస్తాయి. నా అనుభవంలో వీళ్లకి ఎక్కువ పనికొచ్చింది వీడియో కాదు, ఆడియో.

ఎందుకో చెప్తా. వీడియో చూడాలంటే కూర్చోవాలి, స్క్రీన్ చూడాలి, చేతులు ఖాళీగా ఉండాలి, ఫోన్ మన చేతికి రావాలి. ఆడియోకి ఇవేవీ అక్కర్లేదు. అన్నం వండుతూ వినొచ్చు, బట్టలు ఉతుకుతూ వినొచ్చు, డ్యూటీ అయ్యాక బస్సులో కిటికీ పక్కన కూర్చుని వినొచ్చు. పైగా ఒక గంట వీడియో కాస్త మంచి క్వాలిటీలో చూస్తే వందల ఎంబీలు అయిపోతాయి, రోజు డేటాలో సగం దానికే పోతే ఇంట్లో పిల్లలు గొడవ పెడతారు. పదిహేను నిమిషాల ఆడియో నాలుగైదు ఎంబీలు దాటదు, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని చోట కూడా వినొచ్చు, మళ్లీ మళ్లీ వినొచ్చు.

నేను కరోనా టైములో 2020లో క్లాసులన్నీ ఆగిపోయినప్పుడు మొదలుపెట్టా ఇది. ముందు అందరిలాగే జూమ్‌లో చెప్పాం, సగం మంది చేరేవాళ్లు కాదు, చేరినవాళ్లు వీడియో ఆపేసి మ్యూట్‌లో పెట్టేవాళ్లు, వింటున్నారో లేదో తెలిసేది కాదు, తర్వాత తెలిసింది చాలా ఇళ్లల్లో ఉన్న ఒక్క ఫోన్ అదే టైములో పిల్లల స్కూల్ క్లాసుకి పోతోందని. అప్పటినుంచి పొద్దున్నే ఇంట్లో ఎవరూ లేవకముందు, ఫ్యాన్ ఆపేసి, కిటికీ మూసి, ఫోన్‌లో ఒక్కో టాపిక్ రికార్డ్ చేసి గ్రూపులో పెడుతున్నా. ఒక ఆడియోలో ఒకే విషయం, అంతకన్నా ఎక్కువ పెట్టను. ఉదాహరణకి క్షీణోపాంత ప్రయోజన సూత్రం అయితే అదొక్కటే. మిర్చి బజ్జీ మొదటిది తిన్నప్పుడు ఎంత బాగుంటుంది, రెండోది, మూడోది, అయిదోదానికి వచ్చేసరికి చాలు అనిపిస్తుంది కదా, ఆ తగ్గుతున్న తృప్తినే పుస్తకంలో ఇలా రాశారు, పరీక్షలో ఇలా రాయాలి, పట్టిక వేయాలి, గ్రాఫ్‌లో గీత కిందికి దిగాలి. అంతే. గ్రాఫ్ మాత్రం వేరే కాగితం మీద గీసి ఫొటో పెడతా, ఎందుకంటే ఆడియోతో గ్రాఫ్ రాదు, దానికి వేరే దారి లేదు.

ఇందులో ఇంకో సంగతి తెలిసింది. క్లాసులో చెయ్యెత్తి డౌట్ అడగని ఆడవాళ్లు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి అడుగుతారు. క్లాసులో పక్కన తమకన్నా చిన్నపిల్లలు కూర్చుని ఉంటారు, ఇంత చిన్న విషయం కూడా తెలీదా అనుకుంటారేమో అని ఊరుకుంటారు. ఫోన్లో అయితే ఆ మొహమాటం ఉండదు. "మేడం, ధర పెరిగితే కొనుడు తగ్గుతదని రాసిన్రు కదా, మరి బంగారం ధర పెరిగినప్పుడే మా ఊర్లె అందరు కొంటున్నరు, గదెట్ల?" అని ఒకామె పంపింది, వెనకాల మిక్సీ సౌండ్ వినపడుతోంది. ఎంత మంచి ప్రశ్న అది, రేపు ఇంకా పెరుగుతుందేమో అన్న భయంతో, దాచుకోవడానికి కొనేదానికీ, వాడుకోవడానికి కొనేదానికీ తేడా ఉంటుందని చెప్పడానికి నాకు ఒక పూర్తి ఆడియో పట్టింది. రెగ్యులర్ క్లాసులో నన్ను అలాంటి ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

పీడీఎఫ్‌ల సంగతి మాత్రం నిజంగా కోపం తెప్పిస్తుంది. మెటీరియల్ అంతా ఆన్‌లైన్‌లో పెట్టేశాం అని యూనివర్సిటీలు గర్వంగా చెప్తాయి, పెట్టిన మాట నిజమే. కానీ తెలుగు పీడీఎఫ్‌లలో చాలా వరకు పాత డీటీపీ ఫాంట్లలో చేసినవి. అంటే పుస్తకాల పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసిన కాలంలో తెలుగు అక్షరాలకి కంప్యూటర్‌లో వేరే చోటు లేదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే చోట్లలో తెలుగు బొమ్మలు పెట్టి నడిపించారు. స్క్రీన్ మీద చూస్తే తెలుగే కనపడుతుంది, ప్రింట్ తీస్తే తెలుగే వస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ డాలర్లూ పర్సెంట్లూ ఉంటాయి. అన్ని భాషల అక్షరాలకీ వేర్వేరు నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతి వచ్చి 1991 నుంచే తెలుగుకి సొంత స్థానాలు ఉన్నాయి, మన ఫోన్లలో మెసేజ్‌లు రాసేదంతా దాంట్లోనే, యూనివర్సిటీ పుస్తకాలు మాత్రం ఇంకా ఆ పాత పద్ధతిలో నుంచి బయటికి రాలేదు.

దీనివల్ల ఏమవుతుంది అంటే, పీడీఎఫ్‌లో జాతీయాదాయం అని వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకుందామంటే చెత్త అక్షరాలు వస్తాయి. ఫోన్ చిన్న స్క్రీన్ మీద అక్షరం పెద్దది చేస్తే లైను పక్కకి జరిగిపోతుంది, ప్రతి లైనుకీ అటూ ఇటూ వేలితో లాగుతూ చదవాలి. ఇక కళ్లు కనపడనివాళ్లకి అయితే ఆ పుస్తకం లేనట్టే. మా దగ్గర ఒక అబ్బాయి ఉన్నాడు, చూపు లేదు, ఫోన్లో స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఎంత వేగంగా వాడతాడంటే మనం కళ్లతో చూసి కూడా అంత స్పీడుగా వాడలేం. వాడు ఒక ఆదివారం నా పక్కన కూర్చుని యూనివర్సిటీ పీడీఎఫ్ తెరిచి వినిపించాడు. ఆ ఫోన్ గొంతు ఏవో ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ పోతోంది, ఒక్క తెలుగు మాట లేదు. "గిట్లనే ఉంటది మేడం, అన్ని బుక్స్ గిట్లనే" అన్నాడు మామూలుగా. స్కాన్ చేసి పెట్టినవి ఇంకా ఘోరం, అవి పేజీ ఫొటోలు కాబట్టి ఫోన్ అసలు ఏమీ చదవదు.

ఆ తర్వాత ఒక సెమిస్టర్ పుస్తకం పట్టుకుని మా గ్రూపువాళ్లమే పని మొదలుపెట్టాం. తలా కొన్ని పేజీలు పంచుకున్నారు, గూగుల్ లెన్స్‌తో పేజీ ఫొటో తీస్తే అక్షరాలుగా మారుస్తుంది, దాన్ని పుస్తకం పక్కన పెట్టుకుని తప్పులు దిద్దాలి. తెలుగులో బాగానే పట్టుకుంటుంది కానీ ఒత్తులు తప్పిపోతాయి, ద ని ధ ని కలిపేస్తుంది, పట్టికలు మొత్తం కలగాపులగం అయిపోతాయి. అన్నిటికన్నా విసిగించింది సున్నా. వ్యయం, ఆదాయం, విధానం ఇలాంటి మాటల్లో చివర ఉండే సున్నా బదులు అంకెల్లో వాడే సున్నా పడేది, కంటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, ఫోన్ మాత్రం చదివేటప్పుడు వ్యయ జీరో, ఆదాయ జీరో అంటుంది. అవన్నీ వెతికి మార్చారు పిల్లలు. దిద్దే పనిలో కూర్చున్నవాళ్లకి ఆ యూనిట్లు బాగా వచ్చేశాయి, ఒక్కో లైను రెండుసార్లు చదవాల్సి వచ్చింది కదా. ఇప్పుడు ఆ అబ్బాయి ఆ పుస్తకం మొత్తం వింటాడు, కావాల్సిన చోటికి వెతుక్కుని పోతాడు. కానీ ఇది మేము చేయాల్సిన పని కాదు. ఆ పుస్తకాల ఒరిజినల్ ఫైళ్లు ప్రింటింగ్ సెక్షన్లో ఎక్కడో ఉంటాయి, పాత ఫాంట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, మార్చాక ఒకసారి ప్రూఫ్ చూసే మనుషులు కావాలి అంతే. స్టూడియోకి పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంతని.

ఆడవాళ్లకి అడ్మిషన్ దగ్గరే వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. 2024 నుంచి డిస్టెన్స్‌లో గానీ ఆన్‌లైన్ డిగ్రీలో గానీ చేరాలంటే యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ (దాని దూరవిద్యా విభాగం ఇచ్చే నంబర్) తీసుకోవాలి. అది రావాలంటే ముందు మన క్రెడిట్లు దాచే ఖాతా నంబర్ ఏబీసీ ఐడీ ఉండాలి, దానికి సర్టిఫికెట్లు పెట్టుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్, దానికి ఆధార్, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబర్‌కి ఓటీపీ. ఉద్దేశం మంచిదే, దొంగ అడ్మిషన్లు ఆగుతాయి, ఒక చోట చదివిన క్రెడిట్లు ఇంకో చోటికి తీసుకుపోవచ్చు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ మన ఇళ్లల్లో పేర్ల సంగతి ఎలా ఉంటుందో తెలుసు కదా. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, అది కూడా పూర్తిగా రాసి ఉంటుంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, లేదా ఒట్టి ఒక అక్షరం. పుట్టినతేదీ ఆధార్ తీసినప్పుడు ఎవరో అంచనాగా చెప్పింది, టెన్త్‌లో ఇంకోటి. ఫోన్ నంబర్ పెళ్లికి ముందు అన్న ఇచ్చినది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది, లేదంటే భర్త నంబర్, ఆయన లారీ మీద నాగ్‌పూర్‌లో ఉంటాడు, ఓటీపీ వచ్చేటప్పటికి ఆయన డ్రైవింగ్‌లో ఉంటాడు, చూసి చెప్పేలోపు టైమ్ అయిపోతుంది.

ఇదంతా సరిచేసుకోవాలంటే మళ్లీ ఆధార్ సెంటర్ చుట్టూ, మీసేవ చుట్టూ తిరగాలి. హైదరాబాద్ ప్రయాణం తప్పింది అని పైన రాశానే, ఆ తిరుగుడు కొంత ఇటు వచ్చి చేరింది. ఈ గొడవలోనే లాస్ట్ డేట్ అయిపోయి ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ప్రతి స్టడీ సెంటర్లో అడ్మిషన్ల నెల మొత్తం ఈ ఐడీలు చేసిపెట్టడానికి ఒక మనిషిని కూర్చోబెడితే చాలావరకు తీరుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ ఉంటుంది వెబ్‌సైట్లో, అది ఎత్తేవాళ్లు ఉండాలి కదా. ఎవరూ ఎత్తకపోతే పాపం వాళ్లు నెట్ సెంటర్‌కి పోతారు, అక్కడ వాళ్లు తమ నంబర్, తమ మెయిల్ ఐడీ పెట్టేసి అప్లికేషన్ పూర్తి చేస్తారు, పాస్‌వర్డ్ కూడా వాళ్లకే తెలుసు, ఇక మూడేళ్లు హాల్ టికెట్ కావాలన్నా, ఫీజు కట్టాలన్నా, రివాల్యుయేషన్ పెట్టాలన్నా అక్కడికే పోవాలి, పోయినప్పుడల్లా డబ్బులు. ఆ నెట్ సెంటర్ మూసేస్తే ఇంకేముంది.

అసైన్‌మెంట్లు అప్‌లోడ్ చేయడం కూడా ఇలాంటిదే. ఇగ్నోలో అయితే చాలా కోర్సుల్లో 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లకే, మిగతా 70 శాతం పరీక్షకి, కాబట్టి తేలిగ్గా తీసుకునే వ్యవహారం కాదు. చేత్తో రాసి, ఒక్కో పేజీ ఫోన్‌తో స్కాన్ చేసి, పీడీఎఫ్ చేసి, సైజు తగ్గించి పంపాలి. ఇంట్లో బల్బు కింద తీస్తే చెయ్యి నీడ పేజీ మీద పడుతుంది, సైజు తగ్గిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. నేను చెప్పేది పొద్దున పూట గుమ్మం దగ్గర వెలుతురులో నేల మీద పెట్టి, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయమని, స్కాన్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ పెట్టమని, అప్పుడు సైజు దానంతట అదే తగ్గుతుంది.

చాట్‌జీపీటీ వచ్చాక అసైన్‌మెంట్లలో ఇంకో మార్పు. ఒకే జవాబు, అవే వాక్యాలు, అదే వరస, ఇరవై మంది దగ్గర్నుంచి. చేత్తో రాయాలి అనే రూల్ ఉన్నా స్క్రీన్ చూసి ఎక్కించేస్తున్నారు. నేను వాడొద్దు అని చెప్పను, అర్థంకాని టాపిక్ రాత్రి పూట అడిగి తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది, ఇంగ్లీషులో ఉన్న పేజీని తెలుగులో చెప్పమంటే చెప్తుంది, ట్యూషన్‌కి పోలేనివాళ్లకి అది చిన్న సాయం కాదు. అప్పుడప్పుడు తప్పు కూడా అంతే ధైర్యంగా చెప్తుంది కాబట్టి పుస్తకంతో సరిచూసుకోమంటా. చదివి, ఫోన్ మూసేసి, వచ్చినంత రాయమంటా. పరీక్ష హాల్లో ఫోన్ ఉండదు, మూడు గంటలు పెన్నుతో రాయాలి, అసైన్‌మెంట్ సొంతంగా రాసినవాళ్లకీ ఎక్కించినవాళ్లకీ తేడా అక్కడ తెలిసిపోతుంది. అందుకే సెంటర్‌కి వచ్చి పెన్నుతో రాసే పరీక్షలు ఉండాలనే నా అభిప్రాయం. డిస్టెన్స్ డిగ్రీ అంటే ఇప్పటికీ కొంతమంది చిన్నచూపు చూస్తారు, వీళ్ల మార్కుల మీద ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలంటే అదే దారి.

చిన్నచూపు మాట వచ్చింది కాబట్టి, యూజీసీ గుర్తించిన యూనివర్సిటీలో, పర్మిషన్ ఉన్న కోర్సులో తీసుకున్న డిస్టెన్స్ డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే, 2020 రెగ్యులేషన్లలోనే ఉంది ఇది, 2022లో యూజీసీ మళ్లీ స్పష్టంగా చెప్పింది. ఎవరైనా కాదంటే ఆ నోటీసు చూపించండి.

ఫోన్ వల్ల వచ్చిన పెద్ద ప్రమాదం మాత్రం దొంగ డిగ్రీల ప్రకటనలు. ఇన్‌స్టా తెరిస్తే చాలు, ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ, పరీక్ష రాయక్కర్లేదు, పాత తేదీతో సర్టిఫికెట్ అని వస్తాయి. చదువు ఆగిపోయిందన్న బాధలో ఉన్నవాళ్లు, ప్రమోషన్‌కి డిగ్రీ అర్జెంటుగా కావాల్సినవాళ్లు వీటికి పడిపోతారు. వెరిఫికేషన్‌కి పోయినప్పుడు ఆ సర్టిఫికెట్ దొంగదని తేలితే డబ్బుతో పాటు ఉద్యోగం కూడా పోతుంది, కేసు కూడా అవుతుంది. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి డిస్టెన్స్‌లో చేయడానికి యూజీసీ ఒప్పుకోదు, ఎవరైనా డిస్టెన్స్‌లో ఇప్పిస్తాం అన్నారంటే అక్కడే ఆగిపోండి.

సైన్స్ వాళ్ల సంగతి నాకన్నా మా కెమిస్ట్రీ మేడం బాగా చెప్తారు. వర్చువల్ ల్యాబ్స్ అని ఐఐటీలు, ఇంకొన్ని సంస్థలు కలిసి చేసిన సైట్ ఉంది, ప్రాక్టికల్‌కి ముందు అది చూసి వస్తే పిల్లలకి స్టెప్పులు తెలుస్తాయట, గాజుసామాను పగలడం తగ్గిందట. కానీ బ్యూరెట్‌లోంచి ఒక్క చుక్క ఎక్కువ పడితే రంగు ఎలా ముదిరిపోతుందో చేత్తో పట్టుకుని చేస్తేనే వస్తుంది అంటారామె, ల్యాబ్ రోజులు తగ్గించడానికి మాత్రం ఒప్పుకోరు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మూడు పనులు అడుగుతా. తెలుగు పుస్తకాలన్నీ యూనికోడ్‌లో ఇవ్వండి. ప్రతి యూనిట్‌కి చిన్న చిన్న ఆడియోలు చేయించండి, స్టూడియో అక్కర్లేదు, బాగా చెప్పే లెక్చరర్లని అడగండి, సంతోషంగా చేస్తారు. హెల్ప్‌లైన్ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎత్తండి, వీళ్లందరికీ ఖాళీ దొరికేది అప్పుడే, పదింటి నుంచి అయిదింటి దాకా వీళ్లు వాళ్ల వాళ్ల పనుల్లో ఉంటారు.

ఈసారి చేరదామనుకునేవాళ్లకి కొన్ని మాటలు. చేరే ముందు యూజీసీ డెబ్ వెబ్‌సైట్లో మీ యూనివర్సిటీ, మీ కోర్సు, మీరు చేరే సంవత్సరానికి పర్మిషన్ ఉందో లేదో చూసుకోండి, యూనివర్సిటీ పేరు ఉన్నంత మాత్రాన ప్రతి కోర్సుకీ ఉన్నట్టు కాదు. నోటిఫికేషన్ కోసం ఆగకుండా ఇప్పుడే ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ టెన్త్ మెమోతో సరిపోయేలా మార్పించుకోండి. ఆధార్‌కి మీ సొంత నంబర్ లింక్ చేయించుకోండి, ఇంట్లో ఎంత నమ్మకమైనవాళ్లు ఉన్నా సరే మీ నంబరే పెట్టుకోండి. నెట్ సెంటర్‌లో అప్లై చేసినా మీ మెయిల్ ఐడీ, మీ పాస్‌వర్డ్ మీరే కొట్టండి, ఒక నోట్‌బుక్‌లో రాసి ఇంట్లో పెట్టుకోండి. ఫీజు కట్టిన రసీదు స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. డబ్బు కట్ అయ్యి అప్లికేషన్‌లో పెండింగ్ అని చూపిస్తే వెంటనే రెండోసారి కట్టేయకండి, ట్రాన్సాక్షన్ నంబర్ రాసుకుని ఒకటి రెండు రోజులు చూసి, అప్పటికీ మారకపోతే ఆ నంబర్‌తో స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ దగ్గరికి పోండి.